సైకిలుకు లైసెన్సు, పిల్లాడికి బేడీలు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో పెర్త్ అంబోయ్ అని నీటి ఒడ్డున ఒక చిన్న నగరం ఉంది. జనాభా సుమారు 55 వేలు. వాళ్లలో ఎక్కువమంది లాటినోలు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్లు. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో ఉండే ఎడిసన్, ఐస్‌లిన్ ఊళ్లూ అదే మిడిల్‌సెక్స్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది), అక్కడికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్నాయి. 2021 ఏప్రిల్ 17, శనివారం నాడు టీనేజీ కుర్రాళ్లు కొందరు గుంపుగా సైకిళ్ల మీద ఆ ఊరి వీధుల్లో తిరుగుతున్నారు. అందరూ నల్లజాతి, లాటినో పిల్లలు. పోలీసులు ఆపారు. మొదట ఒక అధికారి నెమ్మదిగానే మాట్లాడాడు, ట్రాఫిక్‌కు అడ్డం పడకండి, జాగ్రత్తగా తొక్కండి అని చెప్పాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ సంగతి ఆ వీధి దాటేది కాదు.

కాసేపటికి మరిన్ని పోలీసు కార్లు వచ్చాయి. ఈ ఊళ్లో సైకిలు తొక్కాలంటే లైసెన్సు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, మీ దగ్గర లేదు కాబట్టి సైకిళ్లు తీసుకుంటున్నాం అన్నారు. పిల్లలు హ్యాండిల్ వదల్లేదు, పోలీసులు లాక్కున్నారు. ఒక నల్లజాతి కుర్రాడికి బేడీలు వేసి కారు ఎక్కించారు. పిల్లలు ఫోన్లలో తీసిన వీడియోలు రెండు రోజుల్లో దేశమంతా చూసింది. ఊరి మేయర్ కోరడంతో వ్యవహారం కౌంటీ ప్రాసిక్యూటర్ ఆఫీసుకు వెళ్లింది. న్యూజెర్సీ పౌరహక్కుల సంఘం గట్టిగా తప్పుపట్టింది. పిల్లల మీద కేసులేమీ పెట్టలేదు, సైకిళ్లు తిరిగి ఇచ్చేశారు.

కేసు లేదు, సైకిళ్లూ తిరిగి వచ్చాయి, ఇంకేముంది అనిపించవచ్చు. కానీ ఆ రోజు జరిగినదాన్ని కొంచెం విప్పి చూస్తే, నగరాల్లో పిల్లల సైకిలు గుంపుల మీద పోలీసింగ్ ఎలా నడుస్తుందో అంతా అందులోనే కనిపిస్తుంది. పోలీసులకు ఫిర్యాదు వచ్చింది గుంపు గురించి. వాళ్లకు చిరాకు తెప్పించింది గుంపు తొక్కిన తీరు. పట్టుకోవడానికి వాడింది మాత్రం లైసెన్సు అనే చిన్న నిబంధన. బేడీలు పడింది ఒక్కడి చేతులకు. ఫిర్యాదుకూ శిక్షకూ మధ్య ఇన్ని మలుపులు ఎందుకు వచ్చాయి అన్నదే అసలు ప్రశ్న.

ముందు ఆ పిల్లలు చేసేది ఏమిటో తెలియాలి. దీన్ని వాళ్లు రైడ్‌అవుట్ అంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫలానా రోజు, ఫలానా చోటు అని ఒక పోస్టు పడుతుంది. ఇరవై మంది రావచ్చు, వెయ్యి మంది రావచ్చు. దీనికి కోచ్ లేడు, ఫీజు లేదు, గ్రౌండ్ అక్కర్లేదు. సైకిలు ఒక్కటి ఉంటే చాలు. ఆ సైకిళ్లు కూడా మామూలువి కావు. విన్యాసాలకు వాడే చిన్న చక్రాల బీఎంఎక్స్ సైకిలు రూపంలోనే ఉంటాయి కానీ చక్రాలు పెద్దవి, ఇరవయ్యారు నుంచి ఇరవై తొమ్మిది అంగుళాల దాకా. లావు టైర్లు, ఒకటే గేరు. ఎస్ఈ బైక్స్ కంపెనీ బిగ్ రిప్పర్ లాంటి మోడళ్లకు ఈ పిల్లల్లో మన దగ్గర బుల్లెట్ బండికి ఉన్నంత మోజు. ధర వందల డాలర్లలో ఉంటుంది.

ఆటంతా ముందు చక్రం లేపడంలో ఉంది. మనవాళ్లు వీలింగ్ అంటారు కదా, అదే. పెడల్ మీద ఒక్క తోపుతో ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అప్పటినుంచి ఒక వేలు వెనక బ్రేకు మీదే ఉంటుంది. వెనక్కి పడిపోతున్నట్టు అనిపించిన క్షణంలో ఆ వేలు కాస్త నొక్కితే చక్రం కొంచెం దిగుతుంది. వదిలితే మళ్లీ లేస్తుంది. అలా ఒక వీధి మొదలు నుంచి చివరి దాకా ఒకే చక్రం మీద పోవాలంటే నెలల సాధన కావాలి, మోకాళ్లు చాలాసార్లు చెక్కుకుపోవాలి. పక్కన పదిమంది చూస్తుంటేనే అందులో మజా. అందుకే గుంపు. గుంపుగా ఉంటే కార్లు కూడా కాస్త జంకుతాయి, ఒంటరి సైకిలును నెట్టేసినట్టు ముప్పై సైకిళ్లను నెట్టేయలేవు.

ఇందులో ప్రమాదకరమైన భాగమూ ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. ఎదురుగా వచ్చే కారు మీదికి నేరుగా వెళ్లి, చివరి క్షణంలో పక్కకు తిప్పడం ఈ పిల్లల్లో కొందరికి సరదా. స్టీరింగ్ వెనక ఉన్న మనిషికి అది సరదా కాదు, గుండె జారిపోయే పని. 2020 డిసెంబర్ 29న న్యూయార్క్‌లో ఫిఫ్త్ అవెన్యూ మీద ఇలాంటి ఒక గుంపు ఒక బీఎండబ్ల్యూ కారును చుట్టుముట్టి, పైకెక్కి, అద్దం పగలగొట్టింది. లోపల ఒక తల్లి, ఆమె కొడుకు ఉన్నారు. పదిహేనేళ్ల కుర్రాణ్ణి అరెస్టు చేశారు. దాన్ని ఎవరూ సమర్థించలేరు. అద్దం పగలగొట్టినవాణ్ణి పట్టుకుని కేసు పెట్టడానికి మామూలు నేరచట్టం సరిపోతుంది, అక్కడ జరిగింది కూడా అదే. చిక్కు వచ్చేది ఏ అద్దమూ పగలని రోజున, అంటే దాదాపు ప్రతి రైడ్‌అవుట్ రోజునా.

ఆ రోజు పోలీసుల ముందు ఉన్నది ఒక గుంపు. చట్టం మాత్రం గుంపును శిక్షించదు, మనిషినే శిక్షిస్తుంది. ముప్పై మంది వరసగా ఎర్రలైటు దాటితే అందులో ఎవరు ముందు, ఎవరు వెనక అని చలానా రాసేవాడు ఒక్కొక్కరినీ ఆపి రాయాలి, అది జరిగే పని కాదు. అప్పుడు చేతికి అందేది చిన్న నిబంధన. న్యూజెర్సీలో పదిహేడేళ్లలోపు పిల్లలు హెల్మెట్ పెట్టుకోవాలి. సైకిలుకు బెల్లు ఉండాలి, చీకటి పడితే లైటు ఉండాలి. ఊరు పెట్టుకున్న లైసెన్సు నిబంధన వేరే. ఏ గుంపును ఆపినా వీటిలో ఏదో ఒకటి లేని పిల్లాడు కచ్చితంగా దొరుకుతాడు. దొరికినవాడు అందరి తరఫునా శిక్ష అనుభవిస్తాడు.

అమెరికా చట్టంలో దీనికి గట్టి పునాదే ఉంది. 1996లో రెన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఒక మాట తేల్చింది. ట్రాఫిక్ ఉల్లంఘన నిజంగా కనిపిస్తే చాలు, దాన్ని ఆపిన పోలీసు మనసులో అసలు ఉద్దేశం వేరే ఉన్నా ఆపడం చెల్లుతుంది. ఆ కేసు కారుది. కానీ రోడ్డు నిబంధనలు చాలావరకు సైకిలుకూ వర్తిస్తాయి కాబట్టి, బెల్లు లేకపోవడం, లైటు లేకపోవడం కూడా పిల్లాణ్ణి ఆపి జేబులు వెతకడానికి తలుపు తెరిచే తాళంచెవి అయిపోయింది.

తెలుగు పాఠకుల్లో కాస్త వయసు మళ్లినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒకప్పుడు మన మున్సిపాలిటీల్లో సైకిలుకు ఏటా పన్ను ఉండేది. కడితే ఒక రేకు బిళ్ళ ఇచ్చేవారు. దాన్ని సైకిలుకు కట్టుకుని తిరగాలి. బిళ్ళ లేకపోతే కూడలిలో ఆపేవారు. డబుల్స్ తొక్కితే ఆపేవారు. చీకటి పడ్డాక లైటు లేకపోతే పోలీసు సైకిలు ఆపి టైరులో గాలి తీసేవాడు, ఇంటిదాకా తోసుకుంటూ పోవాల్సిందే. డైనమో కొనే స్తోమత లేనివాడు పోలీసు కనబడగానే దిగి నడిచేవాడు, దాటాక మళ్లీ ఎక్కేవాడు. ఆ బిళ్ళ వల్ల ఎవరి ప్రాణమూ నిలవలేదు. కానీ ఎవర్ని ఆపాలి, ఎవర్ని వదలాలి అనే అధికారం మాత్రం కూడలిలో నిలబడ్డవాడి చేతికి వచ్చింది. పెర్త్ అంబోయ్ లైసెన్సు కూడా అలాంటి బిళ్ళే. ఎవరూ పట్టించుకోని నిబంధన పుస్తకంలో పడి ఉండటం వల్ల నష్టం లేదనుకుంటాం. నష్టం ఉంది. అందరికీ వర్తింపజేయని నిబంధన నచ్చనివాడికి వర్తింపజేయడానికి సిద్ధంగా ఉంటుంది.

ఎవరు నచ్చనివారో చెప్పడానికి లెక్కలు ఉన్నాయి. ఫ్లోరిడాలోని టాంపా నగరం మీద 2015లో టాంపా బే టైమ్స్ పత్రిక చేసిన పరిశోధన ఇందులో ముఖ్యమైనది. మూడేళ్లలో అక్కడి పోలీసులు సైకిలు తొక్కేవాళ్లకు 2,504 టికెట్లు రాశారు. జాక్సన్‌విల్, మయామి, సెయింట్ పీటర్స్‌బర్గ్, ఓర్లాండో నాలుగు నగరాలూ కలిపి రాసినవాటి కన్నా అది ఎక్కువ. టికెట్టు పడ్డ ప్రతి పదిమందిలో ఎనిమిదిమంది నల్లవారు. నగర జనాభాలో వాళ్లు నాలుగోవంతు మాత్రమే. తప్పులేమిటంటే లైటు లేకపోవడం, స్నేహితుణ్ణి హ్యాండిల్ మీద కూర్చోబెట్టుకోవడం లాంటివి. మన భాషలో చెప్పాలంటే డబుల్స్.

టాంపా పోలీసులు దీన్ని సమర్థించుకున్నారు. నేరాలు ఎక్కువగా జరిగే వాడల్లోనే ఆపుతున్నాం, దీనివల్ల నేరాలు తగ్గుతున్నాయి అన్నారు. నగరమే కోరడంతో అమెరికా న్యాయశాఖ వచ్చి లెక్కలు తీసింది. 2016లో నివేదిక ఇచ్చింది. ఆపినవాళ్లలో 73 శాతం నల్లవారు, జనాభాలో వాళ్ల వాటా 26 శాతం. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. ఈ ఆపడాల వల్ల సైకిలు ప్రమాదాలు తగ్గలేదు, సైకిలు దొంగతనాలు తగ్గలేదు, ఇతర నేరాలూ తగ్గలేదు. అంటే వివక్ష ఒక్కటే కాదు, ఏ పని కోసం చేస్తున్నామన్నారో ఆ పనే జరగలేదు.

లాస్ ఏంజెలెస్ కౌంటీలో ఇంకా పెద్ద లెక్క బయటపడింది. 2017 నుంచి షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధిపతి, సిబ్బంది సైకిళ్లను ఆపిన 44 వేలకు పైగా సందర్భాలను లాస్ ఏంజెలెస్ టైమ్స్ 2021లో పరిశీలించింది. ఆపిన ప్రతి పదిమందిలో ఏడుగురు లాటినోలు. ఆపినవాళ్లలో 85 శాతం మందిని సోదా చేశారు. ఏదైనా నిషిద్ధమైనది దొరికింది 8 శాతం సందర్భాల్లో. ఆయుధం దొరికింది అర శాతం కన్నా తక్కువ. ఒక కుర్రాణ్ణి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, చేతులు వెనక్కి పెట్టించి, జేబులు తిప్పి చూసి, ఏమీ లేదని పంపించేస్తే, ఆ కుర్రాడికి పోలీసు అనే మాటకు అర్థం జీవితాంతం అదే. ఇందులో చావులూ ఉన్నాయి. 2020 ఆగస్టు 31న అదే కౌంటీలో డైజాన్ కిజీ అనే ఇరవై తొమ్మిదేళ్ల నల్లజాతి యువకుణ్ణి సైకిలు నిబంధన ఉల్లంఘించాడని ఆపబోయారు. అతను పరుగెత్తాడు. పెనుగులాట జరిగింది. కాల్పుల్లో చనిపోయాడు. అతని దగ్గర తుపాకీ ఉందని షెరీఫ్ ఆఫీసు చెప్పింది. ఆ వాదన ఎలా ఉన్నా, మొదటి అడుగు సైకిలు నిబంధన అన్నది మాత్రం మారదు.

పరుగెత్తడం గురించి ఒక మాట. పిల్లలు పోలీసును చూసి పారిపోతే తప్పు చేశారు కాబట్టే పారిపోయారని అనుకోవడం సులభం. గుమ్మడికాయల దొంగ సామెత వెంటనే నోటికి వస్తుంది. కానీ కొన్ని వందల డాలర్ల సైకిలు, ఇంట్లో అమ్మ ఓవర్‌టైం చేసి కొనిచ్చింది, అది సీజ్ చేస్తారని తెలిసినప్పుడు ఏ పిల్లాడైనా పెడల్ మీద బలమంతా పెడతాడు. అప్పుడు వెనక కారు పడితే ఏమవుతుంది? 2023 మే 22న బ్రిటన్‌లోని కార్డిఫ్ నగరంలో ఈలీ ప్రాంతంలో పదిహేను, పదహారేళ్ల ఇద్దరు స్నేహితులు ఒకే ఎలక్ట్రిక్ బైకు మీద వెళ్తూ ప్రమాదంలో చనిపోయారు. పోలీసులు వెంటపడ్డారన్న పుకారు నిజం కాదని అధికారులు మొదట చెప్పారు. తర్వాత ప్రమాదానికి కొన్ని నిమిషాల ముందు పోలీసు వ్యాను వాళ్ల వెనకే వెళ్తున్నట్టు సీసీటీవీలో కనిపించింది. ఆ రాత్రి ఈలీలో కార్లు తగలబడ్డాయి, పోలీసుల మీద రాళ్లు పడ్డాయి. ఇద్దరు పిల్లలు పోయారు, ఒక వాడ మొత్తం పోలీసు మాట నమ్మడం మానేసింది. లైటు లేని సైకిలు కోసం వెంటపడే ముందు ఏ ఇన్‌స్పెక్టరైనా తలుచుకోవాల్సిన రాత్రి అది.

ఒక్కొక్కరినీ పట్టుకోవడం ఇలా ఉంటే, గుంపునే పట్టుకునే చట్టాలు తెద్దామన్న ప్రయత్నాలూ జరిగాయి. వాటి కథ మొదలైంది పిల్లలతో కాదు, పెద్దవాళ్లతో. 1992 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో కొందరు సైకిలు ప్రియులు నెలకోసారి శుక్రవారం సాయంత్రం కలిసి తొక్కడం మొదలుపెట్టారు. దానికి క్రిటికల్ మాస్ అని పేరు పడింది. ప్రపంచమంతా పాకింది. నాయకుడు ఉండడు, రూటు ముందే చెప్పరు. 2004 ఆగస్టు 27న న్యూయార్క్‌లో రిపబ్లికన్ పార్టీ మహాసభకు ముందు జరిగిన రైడ్‌కు వేలమంది వచ్చారు. పోలీసులు 250 మందికి పైగా అరెస్టు చేశారు, సైకిళ్లు లాక్కున్నారు. 2007లో కొత్త నిబంధన వచ్చింది. యాభై లేదా అంతకన్నా ఎక్కువమంది కలిసి సైకిలు తొక్కితే ఊరేగింపు కింద లెక్క, పర్మిషన్ కావాలి. 2010లో ఫెడరల్ కోర్టు దాన్ని సమర్థించింది. అదే ఏడాది, ఆ రైడ్‌లలో పోలీసుల తీరు మీద 83 మంది సైకిలిస్టులు వేసిన దావాను సర్దుబాటు చేసుకోవడానికి నగరం 9,65,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

లండన్‌లో ఇదే ప్రశ్న అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానంగా ఉన్న హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. బ్రిటన్ చట్టం ప్రకారం ఊరేగింపు తీయాలంటే ఆరు రోజుల ముందు పోలీసులకు చెప్పాలి, తేదీ, రూటు, నిర్వాహకుడి పేరు ఇవ్వాలి. 1994 నుంచి ప్రతి నెలా చివరి శుక్రవారం వాటర్లూ వంతెన దగ్గర నుంచి బయల్దేరే క్రిటికల్ మాస్‌కు నిర్వాహకుడు లేడు, రూటు ఎవరికీ తెలియదు. ముందున్నవాడు ఎటు తిరిగితే అటు. 2008 నవంబరులో న్యాయమూర్తులు చెప్పింది ఏమిటంటే, ఇది ఆనవాయితీగా జరిగేది కాబట్టి చట్టంలోనే ఉన్న మినహాయింపు వర్తిస్తుంది, నోటీసు అక్కర్లేదు. తీర్పు సైకిలిస్టుల వైపు వచ్చింది. కానీ నాలుగేళ్ల తర్వాత, 2012 జులై 27న, ఒలింపిక్స్ ప్రారంభోత్సవం రాత్రి, థేమ్స్ నది దాటొద్దన్న షరతు ఉల్లంఘించారని 182 మందిని అరెస్టు చేశారు.

ఆ తీర్పులోని ఆనవాయితీ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పద్నాలుగేళ్లపాటు ప్రతి నెలా ఒకే చోట కలిసే పెద్దవాళ్లకు ఆనవాయితీ రక్షణగా నిలిచింది. గత వారం ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలైన పిల్లల రైడ్‌అవుట్‌కు ఏ ఆనవాయితీ ఉంటుంది? కోర్టుకు వెళ్లడానికి వకీలు ఎక్కడ దొరుకుతాడు? క్రిటికల్ మాస్ గెలిచిన హక్కు పుస్తకంలో అందరిదీ. చేతికి అందేది ఉద్యోగం, ఇంగ్లీషు, వకీలు ఉన్నవాళ్లకే.

పిల్లల మీద బ్రిటన్‌లో వాడే ఆయుధం వేరు. 2014 నాటి చట్టం కింద ఒక ఇన్‌స్పెక్టర్ ఒక ప్రాంతాన్ని నలభై ఎనిమిది గంటల దాకా చెదరగొట్టే జోన్‌గా ప్రకటించవచ్చు. ఆ జోన్‌లో ఇబ్బంది కలిగిస్తారనిపించినవాళ్లను, పదేళ్లు దాటినట్టు కనిపిస్తే చాలు, వెళ్లిపోమనవచ్చు. చేతిలో ఉన్న వస్తువు ఇచ్చేయమనవచ్చు, పదహారేళ్ల లోపు వాళ్లను ఇంటికి తీసుకెళ్లి దింపవచ్చు. పిల్లాణ్ణి ఇంటికి చేర్చడం మంచి పనే. కానీ "ఇబ్బంది కలిగిస్తారనిపించడం" అన్నది చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. ఇలాంటి అధికారం ఎక్కడికి పోతుందో షికాగో చూసింది. 1992లో అక్కడ ఒక ఆర్డినెన్స్ తెచ్చారు. గ్యాంగు సభ్యుడని అనుమానం ఉన్నవాడితో కలిసి ఊరికే నిలబడ్డవాళ్లను కూడా కదలమనవచ్చు, కదలకపోతే అరెస్టు చేయవచ్చు. మూడేళ్లలో 89 వేలకు పైగా ఆదేశాలు, 42 వేలకు పైగా అరెస్టులు. 1999లో అమెరికా సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఏది తప్పో మామూలు మనిషికి తెలిసేలా రాయని చట్టం పోలీసు ఇష్టానికి వదిలేసినట్టేనని చెప్పింది.

న్యూయార్క్‌కే ఒకసారి తిరిగి వెళ్తే మొత్తం చిక్కు కళ్లముందే కనిపిస్తుంది. అదే నగరంలో ప్రతి వసంతంలో ఫైవ్ బోరో బైక్ టూర్ జరుగుతుంది. ముప్పై వేల మందికి పైగా తొక్కుతారు. వంతెనలు మూసేస్తారు, హైవేలు మూసేస్తారు, పోలీసులే కూడళ్లు కాస్తారు. యాభై మంది చేరితే పర్మిషన్ అడిగే నగరం ముప్పై వేల మందికి దారి ఇవ్వగలుగుతోంది. ఫీజు కట్టి, నంబరు చొక్కాకు తగిలించుకుని వచ్చే గుంపు పండగ. అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతం నుంచి ఫోన్ పోస్టు చూసి వచ్చే గుంపు బెడద. రోడ్డు మీద సైకిళ్ల సంఖ్య సమస్య కాదని దీంతో తేలిపోతోంది.

ఈ సంగతి హైదరాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి హుస్సేన్ సాగర్ దాకా లక్షల మంది, వేల లారీలు, డప్పులు, డాన్సులు. చాలావరకు కుర్రాళ్లే. ఆఫీసులు ముందే ఇంటికి పంపేస్తాయి, రూటు మ్యాపు వారం ముందే పేపర్లో వస్తుంది, ట్రాఫిక్ ఎటు మళ్లించాలో కానిస్టేబుల్‌కు కూడా తెలుసు. ఆ రోజు పోలీసు వెళ్లి ఒక్కో కుర్రాడి లైసెన్సు అడగడు. గుంపును గుంపుగానే చూసి, దారి చూపించి, అవతలి ఒడ్డుకు చేరుస్తాడు. ఆ నైపుణ్యం పోలీసు శాఖలకు ఉంది. ఎవరి గుంపును మన గుంపు అనుకుంటామన్న దగ్గరే తేడా వస్తోంది.

మన దేశంలో సైకిలును తరిమిన నగరమూ ఉంది. కోల్‌కతా పోలీసులు 2013లో 174 రోడ్ల మీద సైకిళ్లను నిషేధించారు. దెబ్బ తగిలింది పాలవాళ్లకూ, పేపరు వేసేవాళ్లకూ, బస్సు చార్జీ కూడా మిగుల్చుకునే కూలీలకూ. తెలుగు నగరాల్లో పిల్లల మీద పోలీసింగ్ ఇప్పుడు ఎక్కువగా మోటారు బండ్ల దగ్గరే నడుస్తోంది. అక్కడ చట్టం వేరు, వేగం వేరు, చావుల లెక్క వేరు. మైనరుకు బండి ఇచ్చిన తల్లిదండ్రులకు 2019 సవరణ 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పెట్టింది. దాన్ని సైకిలుతో కలపకూడదు. కానీ ఒక్క విషయంలో మన చట్టం పెర్త్ అంబోయ్ కన్నా ముందుంది. బాలల న్యాయ చట్టం (జువెనైల్ జస్టిస్ యాక్ట్) కింద 2016లో వచ్చిన నియమాలు పిల్లలకు బేడీలు వేయకూడదని స్పష్టంగా చెబుతున్నాయి. ఆచరణ ఎలా ఉన్నా ఆ వాక్యం పుస్తకంలో ఉంది, అడిగే తల్లి ఉంటే చూపించుకోవచ్చు.

మరి రోడ్డు మీద ఉన్న పోలీసు చేయగలిగింది ఏమిటి? కొన్ని పనులు కాగితం మీద జరగాలి. వాడని నిబంధనలు తీసేయడం వాటిలో మొదటిది. కాలిఫోర్నియా ఈ పని చేసింది. 2022లో తెచ్చిన చట్టంతో ఊళ్లు సైకిలు లైసెన్సు అడిగే అధికారాన్ని రద్దు చేసింది, 2023 జనవరి నుంచి అమల్లో ఉంది. సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ 2022లో హెల్మెట్ తప్పనిసరి నిబంధననే ఎత్తేసింది. హెల్మెట్ చెడ్డదని కాదు. ఆ పేరుతో పడే జరిమానాల్లో దాదాపు సగం ఇల్లు లేనివాళ్ల మీదే పడుతున్నాయని, నల్లవారి మీద జనాభాకు మించి పడుతున్నాయని తేలింది కాబట్టి. హెల్మెట్ పంచడం ఆపలేదు, హెల్మెట్ పేరుతో ఆపడాన్ని ఆపింది. ఈ తేడా మన ట్రాఫిక్ అధికారులు కూడా గమనించాల్సినది.

కొన్ని పనులు రోడ్డు మీదే జరగాలి. సైకిలు గుంపులు తామే ఒక పద్ధతి కనిపెట్టుకున్నాయి. కూడలి వచ్చినప్పుడు ఇద్దరు ముగ్గురు వెళ్లి పక్క వీధికి అడ్డంగా నిలబడతారు, గుంపు మొత్తం దాటేదాకా కార్లను ఆపుతారు. సీసాకు బిరడా పెట్టినట్టు అని దానికి కార్కింగ్ అని పేరు. చట్టం దృష్టిలో అది తప్పు. కానీ గుంపు మధ్యలో ముక్కలై కార్లతో కలిసిపోవడం కన్నా అది క్షేమం. వంద మంది పిల్లలు దాటడానికి పట్టేది రెండు మూడు నిమిషాలు. ఆ పని పిల్లలు చేస్తే డ్రైవర్లతో గొడవ అవుతుంది, రెండు పోలీసు బైకులు చేస్తే అవ్వదు. అంబులెన్సు వస్తే దారి ఇప్పించడం కూడా ముందూ వెనకా నడుస్తున్న పోలీసుకే సాధ్యం, వెంటపడి చెదరగొట్టే పోలీసుకు కాదు.

లండన్‌లో కత్తిపోట్లకు కుర్రాళ్లు బలవుతున్న కాలంలో కత్తులు దించండి, సైకిళ్లు ఎత్తండి అనే నినాదంతో బైక్‌స్టార్మ్స్ రైడ్‌లు మొదలయ్యాయి. ఒక పేట కుర్రాడు ఇంకో పేటలోకి అడుగుపెడితే ప్రాణం మీదికి వచ్చే నగరంలో, వేలమంది పిల్లలు ముందు చక్రాలు లేపుకుంటూ పేటలన్నీ దాటారు. ఆ గుంపులో ఉండటమే వాళ్లకు రక్షణ. దాన్ని చెదరగొడితే ఒక్కో పిల్లాడు పరాయి పేటలో ఒంటరిగా మిగిలిపోతాడు. ఈ ఒక్క సంగతి ఆదేశం రాసే ఇన్‌స్పెక్టర్‌కు తెలిసి ఉంటే చాలు, కలం అక్కడే ఆగుతుంది.

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ తూర్పు భాగంలో దీనికన్నా ఒక అడుగు ముందుకు వేశారు. అక్కడి పిల్లలు పాత సైకిళ్లకు రంగులు వేసి, చువ్వల మధ్య మెరుపు కాగితాలూ చాక్లెట్ రేపర్లూ చుట్టి, చక్రం తిరిగితే సుడి కనిపించేలా చేస్తారు. వాటిని స్క్రేపర్ బైకులు అంటారు. మన ఊళ్లలో చువ్వలకు రంగు పూసలు గుచ్చి, అట్టముక్క కట్టి మోటారు చప్పుడు రప్పించిన పిల్లలకు వీళ్లు స్వయానా తమ్ముళ్లు. టైరన్ స్టీవెన్‌సన్ అనే స్థానిక యువకుడు వాళ్లను ఒక జట్టుగా చేశాడు. జట్టులో చేరాలంటే బడిలో మంచి మార్కులు రావాలి, సైకిలు తన చేత్తో చేసుకున్నది కావాలి, రోడ్డు మీద ఒకరి వెనక ఒకరు వరసలో తొక్కాలి. ఈ నిబంధనలు పోలీసు పెట్టినవి కావు, పిల్లలు తమకు తాము పెట్టుకున్నవి. నగరం వాళ్లతో కూర్చుని మాట్లాడింది. 2019లో తొంభయ్యో అవెన్యూ మీద సైకిలు దారి వేసింది. ఆ దారి రోడ్డు అంచున కాదు, నట్టనడుమ ఉంది. దానికి పెట్టిన పేరు స్క్రేపర్ బైక్‌వే.